ఎత్తు వచ్చిన చోట

సూర్యాపేటకు రైలు లేదు, ఉన్నదల్లా రోడ్డే. హైదరాబాద్-విజయవాడ దారికి దాదాపు నడిమధ్యన ఉన్న ఊరు కనుక బస్సులకు రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. నడిరాత్రి దిగినా బస్టాండు బయట రిక్షాలుండేవి. సీటులో ముడుచుకుని నిద్రపోతున్న మనిషిని మా నాయనమ్మ మెల్లగా తట్టి లేపేది. "ఎంత తీస్కుంటవ్ బిడ్డా?" అనడిగితే "నీకు తెల్వదా పెద్దమ్మా, ఎప్పుడిచ్చేదే ఇయ్యి" అనేవాడు. బేరం అంతటితో ముగిసేది. మాకు ఆయన రిక్షా మామ.

మా వీధికి ముందు చిన్న ఎత్తు ఉండేది. అక్కడికి రాగానే మామ దిగేవాడు. రిక్షాకు గేర్లు ఉండవు. మనుషులూ సామానూ కూడిన బరువు ఎత్తులో కాళ్ళకు లొంగదు. ఒక చేయి హ్యాండిలు మీద, ఇంకో చేయి సీటు మీద వేసి, నడుము వంచి లాగేవాడు. నాయనమ్మ దిగబోతే "నువ్వు కూసో పెద్దమ్మా" అని ఆపేవాడు. మేం పిల్లలం మాత్రం దూకి వెనక నుంచి తోసేవాళ్ళం. లాంతరు వెలుగులో ఆయన మెడ మీద చెమట మెరవడం ఇప్పటికీ కళ్ళలో ఉంది.

రిక్షా కూడా ఒకరి కూడు లాక్కునే వచ్చింది. అంతకుముందు జట్కాలుండేవి. గుర్రం బేరం ఉన్న రోజూ తింటుంది, లేని రోజూ తింటుంది. గడ్డికీ ఉలవలకూ అరువు పుట్టదు. రిక్షా నిలబడిపోతే ఏమీ తినదు, తొక్కేవాడే పస్తుంటాడు. అందుకే జట్కా ఓడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో జపాన్‌లో మనిషి పరుగెత్తి లాగే బండిగా మొదలైన రిక్షా, సైకిలు జత కలిశాక మన వీధుల్లోకి వచ్చి ఆ ఖాళీని నింపింది.

దానికీ ఒక వైభవం ఉండేది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక, 1972లో పేదలకు 4 శాతం వడ్డీ అప్పుల పథకం వచ్చాక, కిరాయి రిక్షా తొక్కేవాళ్ళలో కొందరు సొంత బండి కొనుక్కోగలిగారు. సాయంత్రం యజమాని కిరాయి కట్టాకే ఇంటికి బియ్యం కొనుక్కోవాల్సిన బతుకులో సొంత రిక్షా అంటే ఎంత ధైర్యమో ఊహించండి. ఆ ధైర్యం బండి మీద రంగులై పూసేది. వెనక రేకు మీద కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్, పక్కన నెమలి, కింద పిల్లల పేర్లు. హ్యాండిలుకు ప్లాస్టిక్ పూలు. కొత్త సినిమా వస్తే రెండు వైపులా పోస్టర్లు కట్టి, మైకు పెట్టి, కరపత్రాలు పంచుతూ వీధివీధీ తిరిగేది కూడా రిక్షాయే. ఆ కరపత్రాల కోసం ఎంత దూరం పరుగెత్తామో!

ఇలా రంగులు పూసుకున్న బండే ఫిలిప్పీన్స్‌లోనూ ఒకటుంది, పేరు జీప్నీ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన జీపులను పొడిగించి, దేవుళ్ళ బొమ్మలూ ఇంటిపేర్లూ రాసుకుని జనం తమ బండిగా చేసుకున్నారు. పాతవాటిని మార్చాలని 2017లో ప్రభుత్వం పూనుకుంటే డ్రైవర్లు సమ్మెలు చేశారు, ప్రపంచం విన్నది. మా రిక్షా పోయినప్పుడు ఏ సమ్మే వినబడలేదు. ఒక్కొక్కటిగా స్టాండులోంచి మాయమయ్యాయి, అంతే.

మిర్యాలగూడలోనూ అదే కథ. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక వరి పెరిగి, రైసు మిల్లులు వెలిసి, ఊరు నిండా పని. రైలు దిగినవాళ్ళను మిల్లుల దాకా చేర్చింది రిక్షాలే. కోదాడలో ఖమ్మం దారి, హుజూర్‌నగర్ దారి కలిసేచోట కూడా ఇవే బేరాలు. తర్వాత సెవెన్ సీటర్ ఆటోలు వచ్చాయి, 1999 నుంచి పియాజియో కంపెనీ 'ఆపే' డీజిల్ ఆటోలూ వచ్చాయి. రిక్షాలో ఇద్దరు ఎక్కే కిరాయికి ఆటో పదిమందిని ఎక్కించుకుని పల్లె దాకా వెళ్ళింది. రిక్షా తొక్కినవాడు ఆటో ఎక్కి నడుపుకోవచ్చు కదా అంటారు. కిరాయి బండి నడపడానికి లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019 దాకా ఉండింది. బడి ముఖం చూడని మనిషికి, ఫైనాన్సుకు హామీ ఇచ్చే దిక్కు లేని మనిషికి, బండి మారినా సీటు దొరకలేదు.

మనిషిని మనిషి లాగడం మళ్ళీ రావాలని నేను కోరను. ఆ చెమట చూసినవాళ్ళెవరూ కోరరు. కానీ కష్టం పోవాలంటే కష్టపడ్డవాడు కూడా పోవాలా?

ఇప్పుడు వంతు ఆటోది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మామూలు ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళు టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. మా నాయనమ్మ బతికుంటే ఎంత సంబరపడేదో. ఆ బస్సులు నిండిపోయి వెళ్తుంటే ఆటో స్టాండులో కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు. నెల తిరిగితే కిస్తీ కట్టాలి. ఓడలు బండ్లవుతాయంటారు. ఇక్కడ బండ్లే బండ్లను మింగుతున్నాయి.

రిక్షా మామను ఆఖరిసారి చూసింది ఒక ఆటోలోనే. అప్పటికి ఆయన ఒక మిల్లులో రాత్రి కాపలా ఉంటున్నాడు. బస్టాండు దగ్గర కనబడితే బలవంతంగా ఎక్కించుకున్నాను. నాయనమ్మ సంగతి అడిగాడు. చెప్పాను. తల దించుకుని చాలాసేపు మాట్లాడలేదు. మా వీధికి ముందు ఎత్తు వచ్చింది. ఆటో మూలుగుతూ ఎక్కుతోంది. మామ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కాలు బయటికి పెట్టాడు.

"ఏందే పెద్దాయనా, పడ్తవ్, కూసో!" అని డ్రైవర్ అరిచాడు.