దేవయాని – శర్మిష్ఠ: చెలిమి, పగ, వంశచరిత్ర

ఉపోద్ఘాతం

చెలులుగా మెలగిన ఇద్దరు స్త్రీల మధ్య ఒక మాట గాయమై మిగిలిపోవడం, ఆ గాయాన్ని ఏళ్ల తరబడి మోయడం, చివరకు పగ ఇంటి లోపలే తీరడం నేటి మనోవైజ్ఞానిక ఉత్కంఠ నవలలకూ చలనచిత్రాలకూ ఇష్టమైన ఇతివృత్తం. తెలుగు కావ్యరచనలో ఈ ఇతివృత్తం నన్నయ భారతం నాటికే ఉంది. ఆదిపర్వం తృతీయాశ్వాసంలోని ఆ కథను మనం యయాతి చరిత్రగా వ్యవహరిస్తున్నాం. విషయసూచికలలోనూ, పాఠ్యగ్రంథాలలోనూ ఆ పేరే స్థిరపడింది. కథను నడిపించిన ఇద్దరు స్త్రీల బంధం ఏమిటి, అది మరుగున పడి రాజు పేరే ఎందుకు మిగిలింది అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గాయపరిచిన మాట

సంస్కృత మూలంలోని కథాక్రమాన్ని ముందుగా గమనించాలి. జలక్రీడా సమయంలో ఇంద్రుడు గాలియై ఒడ్డున ఉన్న వస్త్రాలను కలిపివేస్తాడు. శర్మిష్ఠ పొరపాటున దేవయాని చీర కట్టుకుంటుంది. శిష్యురాలివై ఉండి నా వస్త్రం ఎలా తీసుకున్నావని దేవయాని ప్రశ్నిస్తుంది. నీ తండ్రి నా తండ్రిని స్తుతించి యాచించి బతికేవాడని శర్మిష్ఠ బదులిస్తుంది. ఈ రెండు మాటలతోనే ఆ చెలిమి అడుగున ఉన్న అంతరం బయటపడింది. ఒకరి దృష్టిలో గురుపుత్రిక అధికురాలు, మరొకరి దృష్టిలో రాజపుత్రిక అధికురాలు. అంతవరకూ ఈ లెక్క తేల్చుకోవలసిన అవసరం ఇద్దరికీ రాలేదు.

శర్మిష్ఠ ఆమెను నూతిలోకి తోసి, చనిపోయిందనుకొని వెళ్లిపోతుంది. వేటకు వచ్చిన యయాతి దేవయానిని చేయి పట్టి పైకి తీస్తాడు. తర్వాత తండ్రితో మొరపెట్టుకున్నప్పుడు దేవయానిని ఎక్కువగా బాధించినది నూతిలో పడటం కాదు. స్తుతించేవాడి కూతురు, యాచకుడి కూతురు అన్న మాట. కోపాన్ని అణచుకున్నవాడే విజేత అని శుక్రుడు చేసిన బోధ ఆమెకు రుచించలేదు. అంతకుముందే కచుడు ఆమె ప్రేమను తిరస్కరించి, ఋషికుమారుడెవ్వడూ నీ చేయి పట్టడని శపించి వెళ్లాడు. అప్పటికే ఒకసారి తిరస్కారానికి గురైన మనసు మీద శర్మిష్ఠ మాట పడిందన్న విషయం విమర్శకులు లెక్కలోకి తీసుకోవలసినది.

దగ్గర ఉంచుకునే పగ

దేవయాని కోరిన శిక్ష గమనార్హం. శర్మిష్ఠను చంపమని గాని, దేశం నుంచి వెళ్లగొట్టమని గాని ఆమె కోరలేదు. వేయిమంది కన్యలతో కూడి శర్మిష్ఠ తనకు దాసి కావాలని, తండ్రి తనను ఎవరికిచ్చి పెళ్లి చేస్తే అక్కడికి వెంట రావాలని కోరింది. శత్రువు దూరమైతే చాలుననుకునే సాధారణ పగకు ఇది భిన్నం. జీవితాంతం కళ్ల ముందు ఉండాలన్న ఈ కోరికలో వైరం ఎంత ఉందో, వదులుకోలేని తనమూ అంతే ఉంది. శర్మిష్ఠ ఒప్పుకున్నప్పుడు దేవయాని ఆనాటి మాటనే తిప్పి అంటుంది: యాచకుడి కూతురికి నువ్వు దాసివి ఎలా అవుతావు? తన వాళ్ల మేలు కోసం అవుతానని శర్మిష్ఠ జవాబు.

తర్వాతి పరిణామానికి బీజం ఈ శిక్షలోనే ఉంది. దేవయాని యయాతిని వివాహమాడి శర్మిష్ఠను వెంట తీసుకువెళుతుంది. శర్మిష్ఠను శయ్యకు పిలవవద్దని శుక్రుడు ముందే హెచ్చరించినా, అశోకవనం దగ్గర ఉంచిన ఆమె ఒకనాడు యయాతిని కోరుతుంది. ఆమె చూపిన ధర్మయుక్తి ఈ కథకు ఆయువుపట్టు: సఖి భర్త తనకూ భర్తతో సమానం. దాస్యంలోకి నెట్టబడిన స్త్రీ తన హక్కును రాచరికం నుంచి కాక పాత చెలిమి నుంచి తీసుకున్నది. తెగిపోయిందనుకున్న స్నేహమే ఆమెకు ఆయుధమైంది.

శర్మిష్ఠకు కొడుకు పుట్టినప్పుడు, ఒక ఋషి వరప్రసాదమని ఆమె చెప్పిన మాటను దేవయాని నమ్మింది. పూర్తిగా అణచివేశాననుకున్న మనిషి వల్ల ముప్పు రాదన్న ధీమా ఆ నమ్మకానికి కారణమై ఉండవచ్చు. చివరకు వనంలో ఆడుకుంటున్న ముగ్గురు పిల్లల ముఖాల్లో రాజు పోలికలు కనిపిస్తాయి. తండ్రి ఎవరని అడిగితే పిల్లలు యయాతిని చూపిస్తారు. సాక్షులు, పత్రాలు లేకుండా పిల్లల ముఖాలతోనే రహస్యం బయటపెట్టిన ఈ ఘట్టం ఉత్కంఠ కథనానికి మేలైన ఉదాహరణ. నిలదీసిన దేవయానికి శర్మిష్ఠ అదే జవాబు ఇస్తుంది: నువ్వు వరించినప్పుడే నేనూ వరించాను.

వంశావళులలో ఇద్దరు తల్లులు

శుక్రుని శాపంతో యయాతికి ముసలితనం వస్తుంది. దేవయాని కొడుకులు యదు తుర్వసులు దానిని స్వీకరించరు. శర్మిష్ఠ కొడుకులైన ద్రుహ్యుడు, అనువు కూడా నిరాకరించగా, ఆమె చిన్న కొడుకు పూరుడు స్వీకరించి రాజ్యం పొందుతాడు. శుక్రుని దౌహిత్రుడైన యదువును కాదని చిన్నవాడికి పట్టం ఎలా కడతారని ప్రజలు ప్రశ్నించినట్లు కూడా మూలంలో ఉంది. పగ ఫలితంగా దాసి కొడుకు రాజయ్యాడు.

తెలుగు దేశపు రాజవంశాల చరిత్రతో ఈ కథకు సంబంధం ఇక్కడే ఉంది. రాజరాజనరేంద్రుడు (1022–1061) భారతాన్ని తన పూర్వుల చరిత్రగా వినగోరాడని నన్నయ అవతారిక చెబుతుంది. అందులో వంశకర్తలుగా చంద్రుని తర్వాత పూరుడు, భరతుడు, కురువు, పాండురాజు పేర్కొనబడ్డారు. ఆ ప్రభువు కోరుమిల్లి శాసనం కూడా చంద్రవంశ క్రమాన్నే అనుసరిస్తుంది. అంటే వేంగీ చాళుక్యులు తమను శర్మిష్ఠ సంతతిగా చెప్పుకున్నారు. కాని ఆ వరుసలో శర్మిష్ఠ పేరు లేదు.

తుళువ వంశీకుడైన శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) శాసనాలు ఇందుకు రెండవ వైపు నిలుస్తాయి. అవి రాయల వంశాన్ని దేవయాని కొడుకు తుర్వసునితో కలుపుతాయి. యయాతిని దేవయానీపతిగా పేర్కొంటాయి. మహాభారతంలో తుర్వసునికి తండ్రి సంతతి నశించునని శాపం ఇచ్చాడు. వంశావళి ఆ శాపం ఊసెత్తలేదు. వేంగీ శాఖ ఒక స్త్రీ సంతతి, తుళువ శాఖ ఆమె సఖి సంతతి. ఒక శాఖ తల్లి పేరును వదిలేసింది, మరొకటి తల్లి పేరు ఉంచి శాపాన్ని వదిలేసింది. ఇద్దరి మధ్య నడిచిన కలహాన్ని మాత్రం రెండూ వదిలేశాయి. వంశచరిత్రకు కావలసినది పుత్రులు. చెలిమి ఎలా చెడిందన్నది దానికి పనికివచ్చే వివరం కాదు.

16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో పొన్నికంటి తెలగన యయాతి చరిత్రను అచ్చ తెనుగు కావ్యంగా రచించి అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. చంద్రవంశంతో నిమిత్తం లేని కృతిపతి లభించినప్పటికీ కావ్యనామం రాజు మీదనే నిలిచింది. శాసనాల అవసరం తీరిన తర్వాత కూడా పేరు అలవాటుగా కొనసాగిందని ఇది సూచిస్తుంది. మరాఠీలో వి.స. ఖాండేకర్ 1959లో వెలువరించిన నవలకు కూడా ‘యయాతి’ అనే పేరు. అయితే అందులో దేవయాని, శర్మిష్ఠలు కూడా తమ కథను తామే చెప్పుకుంటారు. పేరు మారకపోయినా గొంతులు మారిన సందర్భమిది.

ముగింపు

ఈ ఉపాఖ్యానంలో యయాతి నూతి నుంచి చేయి పట్టి తీసినవాడు, కోరగా వరించినవాడు, అడగగా అంగీకరించినవాడు. ప్రతి మలుపులోనూ నిర్ణయం ఇద్దరు స్త్రీలలో ఒకరిది. దేవయాని పగ శర్మిష్ఠను దగ్గరే ఉంచింది; ఆ సామీప్యమే పగను ఓడించింది. ఈ కార్యకారణ సంబంధం రాజు పేరుతో చదివితే కామం, వైరాగ్యం అనే నీతికథగా కుదించుకుపోతుంది. భారత ఉపాఖ్యానాల సూచికలలో దీనిని దేవయానీ శర్మిష్ఠోపాఖ్యానంగా నమోదు చేయడం సమంజసం. వంశకర్తల పేర్లు అవతారికలలో ఎలాగూ ఉన్నాయి. కథకర్తలైన స్త్రీల పేర్లు కనీసం కథాశీర్షికలోనైనా ఉండాలి.