ఎల్.ఎం.పి. పట్టా పోయిన తరువాత

పల్లెల్లో డాక్టర్లు నిలవరన్న మాట రాగానే మనవాళ్ళు త్యాగబుద్ధి నశించిందని వాపోతారు. ఇది వ్యక్తుల గుణగణాల సమస్య కాదు. ఏ పట్టాకు ఎక్కడ విలువ కట్టారన్న చరిత్ర.

1946లో భోర్ కమిటీ నివేదిక సమర్పించేనాటికి దేశంలో రిజిస్టరైన వైద్యులు సుమారు 47,500 మంది. డిగ్రీ గలవారు 18,000 లోపే. తక్కినవారు మెడికల్ స్కూళ్ళలో చదివిన ఎల్.ఎం.పి.లు, అనగా లైసెన్షియేట్లు. వీరందరూ పల్లెల్లోనే ఉండేవారని కాదు. తాలూకా ఆసుపత్రులూ డిస్పెన్సరీలూ మాత్రం ఎక్కువగా వీరిమీదనే నడిచేవి. 1920ల్లో మద్రాసు ప్రభుత్వం పల్లెలో కాపురముండే వైద్యుడికి సబ్సిడీ ఇచ్చి, పేదలకు ఉచితంగా మందిప్పించే పద్ధతి కూడా పెట్టింది.

అయినా వీరికి గౌరవం దక్కలేదు. 1930లో లండన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ మన డిగ్రీలను గుర్తించడం మానుకొన్నది. ఆ గుర్తింపు తిరిగి సంపాదించే తాపత్రయంలోంచి 1933 మెడికల్ కౌన్సిల్ చట్టం పుట్టింది. లైసెన్షియేటు ఆ చట్టానికి వెలుపలే ఉండిపోయాడు.

దేశానికి ఒకే ప్రమాణంగల వైద్యుడు చాలునని, లైసెన్షియేటు చదువు ఆపవలెనని భోర్ కమిటీలో అధిక సంఖ్యాకులు తేల్చారు. వైద్యుల కొరత దృష్ట్యా అది కొనసాగాలని ఆరుగురు విభేదించారు. లైసెన్షియేట్లు కోరినదీ సమాన హోదాయే. ఆ కోరికను నేను తప్పుపట్టను. పేదవాడి వైద్యుడు రెండో తరగతి వైద్యుడుగా ఉండాలనడం అన్యాయం. కాని కమిటీ అంతటితో ఆగలేదు. జీతంమీద పనిచేసే పూర్తికాలపు వైద్యులు కావాలన్నది, వారికి ప్రైవేటు ప్రాక్టీసు కూడదన్నది. పాలకవర్గం చౌకగా అయ్యే భాగాన్ని అమలుచేసి, ఖర్చయ్యే భాగాన్ని అటక మీద పెట్టింది. మెడికల్ స్కూళ్ళు మూతబడ్డాయి, లేదా కాలేజీలయ్యాయి. 1952 నుంచి వెలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు డాక్టరు కరువయ్యాడు.

ఇంతలో 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సర్వీసు ఏర్పడి, వైద్యుల కోసం పాత వలసల వైపు చూసింది. మన డిగ్రీ అక్కడ చెల్లింది; ఎల్.ఎం.పి. పట్టా చెల్లేది కాదు. 1975లో ఆ కౌన్సిలే గుర్తింపు రద్దుచేసేదాకా ఆ దారి తెరిచే ఉంది. ప్రజల సొమ్ముతో చదివిన విద్య అలా సముద్రం దాటింది.

2001లో ఛత్తీస్‌గఢ్ మూడేళ్ళ వైద్యవిద్య మొదలుపెట్టింది. వైద్య సంఘాలు వ్యతిరేకించాయి; కొద్ది ఏళ్ళకే అది ఆగింది. చదివినవారు గ్రామీణ వైద్య సహాయకులుగా ఆరోగ్య కేంద్రాల్లో కుదురుకొన్నారు. చదివే రోజుల్లో ఆ విద్యార్థులు ఆందోళనకు దిగిన కారణాల్లో ఒకటి, తమ పట్టా పేరును పదేపదే మార్చడం.