తలగాయం వలన కలిగే మెదడు ఎన్యూరిజం

తలకు తగిలిన గాయం వలన మెదడు ధమని గోడ దెబ్బతిని, ఆ చోట బుడగవలె ఏర్పడే ఉబ్బును అభిఘాతజ ఎన్యూరిజం అంటారు. మెదడు ఎన్యూరిజంలన్నింటిలో ఇవి నూటికి ఒకటి కన్న తక్కువ. అయితే రోగి కోలుకొంటున్నాడని అందరూ భావించే సమయంలో ఇవి పగిలే అవకాశం ఉన్నందున వీటి గురించి తెలిసి ఉండటం అవసరం.

ఏర్పడే విధం

ధమని గోడకు మూడు పొరలుంటాయి. సాధారణ ఎన్యూరిజంలో బలహీనపడిన గోడే ఉబ్బుతుంది. గాయం వలన కలిగేవాటిలో అధికభాగం అటువంటివి కావు. మూడు పొరలూ చిరిగి, వెలుపలికి వచ్చిన రక్తం గడ్డకట్టగా, చుట్టూ ఉన్న కణజాలమే గోడవలె నిలుస్తుంది. అందుచేత వీటిని మిథ్యా ఎన్యూరిజంలు అంటారు. మిథ్య అన్నది పేరుకే గాని ప్రమాదం నిజమైనదే.

తుపాకీ గుండు, కత్తి, విరిగిన కపాలపు ఎముక ధమనిని నేరుగా చీల్చవచ్చు. పైకి గాయం కనిపించని దెబ్బలో కూడా మెదడు ఒక్కసారిగా కదలి, దాని రెండు అర్ధభాగాల నడుమ ఉన్న గట్టి పొర అంచుకు పూర్వ మస్తిష్క ధమని శాఖ ఒరుసుకొని చిరగవచ్చు. కపాలం అడుగుభాగం విరిగినపుడు అంతర కెరోటిడ్ ధమనికి హాని కలుగుతుంది.

గుర్తించడం

రక్తస్రావం తరచుగా గాయమైన 2 నుండి 3 వారాలకు జరుగుతుంది. హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం ముఖ్య లక్షణాలు. కెరోటిడ్ ధమని దెబ్బతిన్నవారిలో ముక్కు నుండి ధారగా రక్తం కారి, ఆగి, మరల మొదలవుతుంది. దీనితోపాటు ఒక కంటికి చూపు పోవడం, కంటిగూటి ఎముక విరగడం ఉంటే కెరోటిడ్ ఎన్యూరిజంను తప్పక అనుమానించాలి. తలగాయమైన వ్యక్తికి కొన్ని వారాల తరువాత ఇలా రక్తం కారితే దానిని మామూలు ముక్కు రక్తంగా భావించరాదు.

సి.టి. యాంజియోగ్రామ్ మొదటి పరీక్ష. నాళంలోనికి సన్నని గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ మరింత నమ్మదగినది. గాయమైన తొలిరోజులలో తీసిన చిత్రం సవ్యంగా ఉన్నా, అనుమానం తీరనపుడు కొద్ది రోజులకు మరల తీయవలసి ఉంటుంది.

చికిత్స

కొన్ని వాటంతటవే మూసుకుపోతాయి కాని దానిపై ఆధారపడటం మంచిది కాదు. మిథ్యా ఎన్యూరిజంకు సరైన మెడభాగం ఉండదు కాబట్టి శస్త్రచికిత్సలో క్లిప్పు పెట్టడం కష్టం. అందువలన ధమనిని ఇరువైపులా మూసివేయడం, అవసరమైతే రక్తానికి వేరొక దారి కల్పించడం జరుగుతుంది. నాళం లోపలి నుండి ప్లాటినం కాయిల్స్ నింపడం, స్టెంట్ అమర్చడం ఇతర పద్ధతులు. స్టెంట్ అమర్చితే రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి. అప్పటికే మెదడులో రక్తస్రావమున్న రోగికి ఆ మందులే ముప్పు కావచ్చు కనుక వైద్యులు రెండింటినీ తూచి నిర్ణయిస్తారు. కాయిల్స్ చుట్టూ ఉన్న రక్తపుగడ్డలోనికి జరిగి ఉబ్బు తిరిగి నిండే అవకాశమున్నందున, చికిత్స తరువాత కూడా యాంజియోగ్రామ్‌తో పరిశీలిస్తూ ఉంటారు.