అట్ట వెనకవైపు మనిషి

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బోర్న్ టు రన్' (1975) ఆల్బమ్ అట్టబొమ్మని చాన్నాళ్ళు ఫోన్లో గోరంత సైజులోనే చూశాను. స్ప్రింగ్‌స్టీన్ నవ్వుతూ ఎవరి భుజమ్మీదో వాలి ఉంటాడు. ఎవరి భుజమో ఎప్పుడూ ఆలోచించలేదు. ఎల్పీ అట్ట మొత్తం విప్పి చూస్తే కానీ తెలీదు, వెనకవైపు నల్ల టోపీ పెట్టుకుని శాక్సఫోన్ ఊదుతున్న ఆ ఆజానుబాహుడు క్లారెన్స్ క్లెమన్స్ అని.

1942లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రికి చేపల కొట్టు. తొమ్మిదేళ్ళప్పుడు క్రిస్మస్‌కి బొమ్మ రైలు కావాలంటే నాన్న శాక్సఫోన్ చేతిలో పెట్టాడు. (మనం అడిగిందొకటి, ఇంట్లో చేర్పించింది ఇంజినీరింగు. ఈ కథ మనకి కొత్తేం కాదు :)) అమెరికన్ ఫుట్‌బాల్లో పైకొద్దామనుకుంటే కారు ప్రమాదం ఆ దారి మూసేసింది. న్యూజెర్సీలో దారితప్పిన కుర్రాళ్ళ స్కూల్లో కౌన్సెలర్‌గా చేస్తూ రాత్రిళ్ళు బార్లలో వాయించేవాడు. 1971లో ఆస్‌బరీ పార్క్‌లో స్ప్రింగ్‌స్టీన్‌ని కలిశాడు. ఆ రాత్రి గాలివానకి బారు తలుపు ఊడి ఎగిరిపోయిందని ఇద్దరూ చెప్పేవాళ్ళు. కాస్త మసాలా కలిపారేమో గానీ, నాకైతే నమ్మాలనే ఉంది.

అప్పటి అమెరికాలో ఒక తెల్లవాడూ నల్లవాడూ అలా ఆనుకుని నిలబడ్డ బొమ్మ అట్టమీదకి రావడం చిన్న విషయం కాదు. సరే, మరి లోపల లెక్క ఏమిటి? స్నేహమా, ఉద్యోగమా? 'జంగిల్‌ల్యాండ్' పాటలో రెండు నిమిషాల పైచిలుకు సోలో ఉంది. దాన్ని రికార్డు చెయ్యడానికి 16 గంటలు పట్టిందంటారు. ఒక్కో స్వరం ఎలా రావాలో స్ప్రింగ్‌స్టీన్ చెప్పడం, ఈయన ఊదడం. అలాగైతే ఆ సోలో ఎవరిదండీ? స్పెక్ ఆయనదే, ఒప్పుకుంటాను. ఊపిరి మాత్రం క్లెమన్స్‌ది. నా ఓటు ఊపిరికే.

1989లో క్లెమన్స్ రింగో స్టార్ బృందంతో జపాన్‌లో ఉండగా స్ప్రింగ్‌స్టీన్ నుంచి ఫోనొచ్చింది. కొత్త పని మొదలవుతోందనుకున్నాడు. తీరా చూస్తే, ఇక బ్యాండు లేదు, వేరేవాళ్ళతో పనిచేస్తానని చెప్పడానికి చేసిన ఫోను! దాదాపు 18 ఏళ్ళ సావాసం ఒక్క కాల్‌లో తేలిపోయింది. హెచ్చార్ నుంచి కాల్ అందుకున్నవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు. ఇది చదివాక స్ప్రింగ్‌స్టీన్ మీద నాకు కొన్నాళ్ళు కోపం పోలేదు. క్లెమన్స్‌కీ కోపమొచ్చింది. అయినా 1999లో పిలిస్తే టూరుకి వెళ్ళాడు. మోకాళ్ళు, నడుము పాడై, చివరికొచ్చేసరికి స్టేజి మీద ఎక్కువసేపు కూర్చునే వాయించేవాడు.

2011లో లేడీ గాగా 'ది ఎడ్జ్ ఆఫ్ గ్లోరీ'లో వాయించాడు. అదే ఏడు జూన్ 18న పక్షవాతంతో పోయాడు. 69 ఏళ్ళు.

ఖాళీ అయిన చోటు అన్న కొడుకో తమ్ముడి కొడుకో, జేక్ క్లెమన్స్‌కి వచ్చింది. 'జంగిల్‌ల్యాండ్'ని మాత్రం వెంటనే ముట్టుకోలేదు. పెద్దాయన పోయిన ఏడాది తరవాత, 2012 జులైలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జేక్ ఆ సోలో మొదటిసారి వాయించాడు. ఆ వీడియో చూశాను. కుర్రాడు బాగా వాయించాడు, స్వరాలు అవే. అయిపోయాక మళ్ళీ 1975 నాటిది పెట్టుకున్నాను.