పళ్ళు రాని నోటికి ముద్ద

పాడేరు పైన ఒక గూడేనికి కొర్రల పంట గురించి పెద్దవాళ్ళను అడిగి రాసుకుందామని వెళ్ళాం. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా పదకొండు నెలల పిల్లను ఒళ్ళో పెట్టుకుని తల్లి రేషన్ బియ్యం వార్చిన గంజి పడుతోంది. పిల్లకు కింద రెండు పళ్ళు మాత్రమే ఉన్నాయి. చేతులు సన్నంగా ఉన్నాయి. మాలో ఒకరు టీచరు. "ఇంకా గంజేనా అమ్మా, అన్నం పెట్టరా?" అని అడిగారు. "పళ్ళు రానేదు కదండీ, ముద్దెలా పెడతాం?" అంది తల్లి. గుమ్మంలో కూర్చున్న అవ్వ పకపకా నవ్వింది. "నాకూ నేవు గదే పళ్ళు! పదేళ్ళయింది రాలిపోయి. నాకు గంజే పోస్తన్నావేటి?"

కొర్రల సంగతి ఆ రోజు వెనకబడింది. అవ్వ మాట పట్టుకుని మేం మరికొన్ని ఊళ్ళు తిరిగాం. ముసలమ్మలను ఒకటే అడిగాం. మీ పిల్లల నోటికి పాల తరువాత మొదట ఏం వెళ్ళింది? మీ అమ్మ మీకు ఏం పెట్టింది? రాజుల గురించి, ఫితూరీల గురించి అడిగితే తడుముకునే వాళ్ళు కూడా దీనికి చేతులు తిప్పుతూ జవాబు చెప్పారు. మన చరిత్రలో ఈ ముక్క ఎవరూ రాయలేదు. రాయదగ్గదని ఎవరికీ తోచలేదేమో.

ముందు పళ్ళ సంగతి తేల్చుకుందాం. చాలామంది పిల్లలకు ఆరు నెలల ప్రాంతంలో కింది ముందు పళ్ళు వస్తాయి. కొందరికి ఏడాది నిండినా రావు, అదీ మామూలే. ఏడాదిన్నరకు ఒక్క పన్ను కూడా రాకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి. ముందు పళ్ళు కొరకడానికి వచ్చినవి, నమిలేవి కావు. నమిలే దవడ పళ్ళు ఏడాది దాటాకే మొలుస్తాయి. కాబట్టి "పళ్ళు వచ్చాక పెడదాం" అంటే, పాలు చాలని రోజుల్లో బిడ్డను నెలల తరబడి సగం కడుపుతో ఉంచినట్టే. ఆరు నెలలు నిండాక తల్లిపాలు మానకూడదు గానీ, అవి ఒక్కటే సరిపోవు. ముఖ్యంగా బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న ఇనుము ఆ పాటికి అయిపోతుంది. మెత్తటి ముద్దను బిడ్డ నాలుకతో పైకి నెట్టి చిగుళ్ళతో నలుపుతుంది. ఆ చిగుళ్ళ గట్టితనం చనుబాలిచ్చిన ఏ తల్లినడిగినా చెబుతుంది.

మా అవ్వలకు ఇది తెలుసు. వాళ్ళు చెప్పిన మొదటి ముద్దలు ఇవి. చోడి జావ, మెత్తగా ఉడికించిన సామ అన్నం, కందిపప్పు నీళ్ళు కాదు పప్పే, నలిపిన చిలగడదుంప, గుమ్మడి ముక్క, ముగ్గిన అరటిపండు, ఉడికించి తొక్క తీసి మెదిపిన పనసగింజ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కొండల్లో చోళ్ళు అనేవే తెలంగాణలో తైదలు, బజారులో రాగులు. ఆదిలాబాద్ గోండుల ఇళ్ళలో జొన్న గట్క. గోదావరి గట్టున కొండరెడ్ల ఇళ్ళలో పోడు పంట అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు బోదెలోంచి తీసిన పిండి. హైమండార్ఫ్ 1940ల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో అచ్చు వేసిన పుస్తకంలో పోడు గురించీ జీలుగు గురించీ చాలా రాశాడు. ఆ పిండి పెద్దలకు కరువు తిండి. ఇంట్లో మరొకటి లేనప్పుడు బిడ్డకూ అదే.

ఇవన్నీ ఒకే పోడులో పక్కపక్కన పండేవి. మొదటి ఏడు కొండవాలు నరికి, కాల్చి, వానలకు ముందు గింజలు కలిపి చల్లేవాళ్ళు. సామ ముందు కోతకొచ్చేది, తరువాత కొర్ర, చోడి, ఆఖరుకు కంది. అంటే గింజ ధాన్యమూ పప్పూ ఒకే చేనులోంచి ఇంటికి చేరేవి. ఇప్పుడు పోషకాహారం పాఠంలో ధాన్యం, పప్పు కలిపి పెట్టండి అని మనం పిల్లలకు చెబుతున్నది ఆ చేను చేసిన పనే. కొత్తల పండగ కాకుండా కొత్త గింజ ముట్టని ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పండగ నాడు పసిబిడ్డ నాలుకకు కూడా కాస్త రాసేవాళ్ళమని ఇద్దరు అవ్వలు చెప్పారు.

ఆ చేను మీద దెబ్బ పడింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారుకు అడవిని రిజర్వు చేసే అధికారం వచ్చింది. రిజర్వు గీత లోపల పోడు నేరమైంది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర, మన ముత్తాతలు నడిచిన పోరాటానికి పోడు మీద ఆంక్షలూ, ఘాటు రోడ్ల వెట్టి పనీ రెండూ కారణాలు. నిజాం వైపున 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం ప్రాణమిచ్చింది కూడా అడవిలో సాగు నేల కోసమే. మన పాఠాల్లో ఈ పోరాటాలు తుపాకులతో, స్టేషన్ల మీద దాడులతో మొదలవుతాయి. మేం అడిగిన అవ్వలు మాత్రం ఆ కాలపు మాట వస్తే, వాళ్ళ అమ్మమ్మలు చెప్పారంటూ, గింజ లేక దుంపలు తవ్వుకున్న సంగతే ఎత్తారు. అడవి దుంప పీచుగా ఉంటుంది, కొన్ని దురద పెడతాయి. బూడిద నీళ్ళలోనో, పారే వాగులోనో ఉంచి ఉడికించాలి. పళ్ళు లేని బిడ్డ ఆ పీచును నలపలేదు. అలాంటప్పుడే తల్లి తాను నమిలి బిడ్డ నోట్లో పెట్టేది.

నమిలి పెట్టడం గురించి మాట్లాడాలంటే మాలో కొందరికి సిగ్గు. ఒక శిక్షణలో ఈ సంగతి ఎత్తి అందరి ముందూ మన తల్లులను అనాగరికులన్నట్టు మాట్లాడిన వ్యక్తిని మాలో ఒకరు విన్నారు. సిగ్గుపడక్కర్లేదు. ఆ అలవాటు ప్రపంచంలో చాలా జాతులకు ఉంది. తిరగలి తప్ప మరో యంత్రం లేని ఇంట్లో గట్టి తిండిని బిడ్డకు అందించే దారి అది. అలాగని ఈ రోజు దాన్ని వెనకేసుకు రాలేం. తల్లి నోట్లో పళ్ళు పుచ్చబెట్టే క్రిములు ఉంటే అవి ఇంకా మొలవని పళ్ళ కోసం అక్కడే కాచుకుంటాయి. మరికొన్ని జబ్బులూ ఎంగిలితో పాకుతాయి. చేతులు కడుక్కుని వేళ్ళతో మెదిపితే పని అవుతుంది. నాలుకకు తేనె రాయడం కూడా అంతే. ఏడాది లోపు బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి విత్తులను పసి పేగు తట్టుకోలేదు. తేనె తీసే వాళ్ళం మనం, మనకే ఈ మాట చెప్పడం కష్టంగా ఉన్నా చెప్పాలి.

తరువాత బియ్యం వచ్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని డిపోలే మన కొండల్లో రేషన్ దుకాణాలయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలయ్యాయి. ఆ బియ్యాన్ని తిట్టడం ఇప్పుడు చిరుధాన్యాల మీటింగుల్లో ఒక అలవాటయింది. మేం తిట్టలేం. ఆకలి నెలల్లో ఆ బియ్యమే మన ఇళ్ళను నిలబెట్టాయి. ఇంకోటి కూడా ఉంది, దాన్ని మగవాళ్ళు రాసిన వ్యాసాల్లో చూడం. సామలు దంచడం ఎంత పనో దంచిన చేతికే తెలుసు. కోడి కూయక ముందు లేచి రోకలి పట్టి, చెరిగి, మళ్ళీ దంచి, ఆ తరువాత పోడుకు వెళ్ళాలి. తెల్లబియ్యం ఆడవాళ్ళ రెక్కలకు విడుపునిచ్చాయి. ఒక అవ్వ "సామలు మంచివే, నువ్వు దంచు తింటాను" అని మా మొహం మీదే అంది.

కానీ బిడ్డ గిన్నెలో ఏం మారిందో చూడాలి. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 340 మిల్లీగ్రాములు. మర పట్టిన తెల్లబియ్యంలో పది దగ్గర. పళ్ళూ ఎముకలూ కట్టుకునే వయసులో ఆ తేడా చిన్నది కాదు. బియ్యంతో పాటు కంది రాలేదు, ఎందుకంటే కంది పోడుతో పోయింది. గంజి మిగిలింది. గంజి పెద్దవాళ్ళ దాహానికి సరిపోతుంది. బిడ్డ పొట్ట ఆమె పిడికిలి కన్నా పెద్దగా ఉండదు. దాన్ని నీళ్ళతో నింపితే బలమిచ్చేదానికి చోటుండదు. అంబలి విషయంలోనూ ఇంతే. పెద్దలు ఆనపబుర్రలో పోసుకుని చేనుకు పట్టుకెళ్ళే పలచటి అంబలి బిడ్డకు పనికిరాదు. గరిటె వంచితే జారిపోకుండా, నెమ్మదిగా ముద్దగా దిగాలి. చిక్కగా ఉంటే మింగలేకపోతుందనుకుంటే అవ్వలకు ఒక ఉపాయం ఉంది. చోళ్ళు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి విసరాలి. మొలకల పిండి జావలో పడితే గింజ తగ్గకుండానే జావ జారుడుగా అవుతుంది. మొలకలో పుట్టే ఒక పదార్థం పిండిని విరగ్గొడుతుందని శాస్త్రం తరువాత చెప్పింది. దాని మీద కాస్త నూనో నెయ్యో, మెదిపిన పప్పో గుడ్డో చేరితే బిడ్డకు మంచి పూట గడిచినట్టే. ఎనిమిది, తొమ్మిది నెలలకు చేత్తో పట్టుకుని చప్పరించేలా ఉడికిన దుంప ముక్క ఇవ్వొచ్చు. ఏడాదికి ఇంట్లో అందరూ తినేదే, కారం తీసి, మెత్తగా. వేరుశనగలు, శనగలు, గట్టి మొక్కజొన్న గింజలు మాత్రం పళ్ళున్నా లేకున్నా ఇవ్వొద్దు. గొంతులో అడ్డం పడతాయి. తినేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టాలి, పక్కన మనిషి ఉండాలి.

ఆ పక్కన మనిషి దగ్గరే మేం చాలాసేపు ఆగిపోయాం. పాత రోజుల్లో తల్లి కొండకు పోతే బిడ్డకు మధ్యాహ్నం తినిపించింది ఎవరు? అవ్వ, లేదా ఎనిమిదేళ్ళ అక్క. ఊరికే చంకనెత్తుకుని తిరుగుతూ, ముద్ద ముద్దకూ ఒక చెట్టునో కోడినో చూపిస్తూ గంటసేపు తినిపించేది. ఆ అక్క ఆశ్రమ పాఠశాలకు వెళ్ళింది. వెళ్ళాల్సిందే, మాలో ముగ్గురు అలా చదివిన వాళ్ళమే. మా వెనక ఇంట్లో చెల్లెలికి మధ్యాహ్నం ఎవరు పెట్టారని మేం ఎప్పుడూ అనుకోలేదు. అమ్మ పొద్దున్న గంజి పట్టి వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ పట్టింది. మధ్యలో సంతలో కొన్న బిస్కెట్టు టీలో ముంచి చేతికిచ్చారు. పళ్ళు లేకపోయినా కరుగుతుంది కాబట్టి అది సులువు. 1975లో మొదలైన ఐసీడీఎస్ అంగన్వాడీలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి. బాలామృతం ప్యాకెట్టు ఇంటికొస్తోంది. పొలం పక్క గూడేనికి వాగు దాటి రావాల్సిన నెలల్లో ఆలస్యమవుతుంది, వచ్చినా ఇంట్లో పెద్దపిల్లలూ పంచుకుంటారు. తినిపించే చెయ్యి మాత్రం ప్యాకెట్టులో రాదు.

మళ్ళీ ఆ మొదటి గూడేనికి వెళ్ళాం. తల్లి మమ్మల్ని గుర్తుపట్టి, "మీరు చోళ్ళు పెట్టమన్నారు, డిపోలో బియ్యమే గదా ఇస్తారు, ఎక్కడ తేను?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో ఇప్పుడు రెండు ఇళ్ళే చోళ్ళు చల్లుతున్నాయి. అవ్వ లేచి లోపలికి వెళ్ళి అటక మీదున్న బుర్ర దించింది. "ఇత్తనానికుంచినవే" అంటూ సోలెడు చాటలో పోసి చెరిగి, తిరగలి దగ్గర కూర్చుంది. కోడలు పొయ్యి రాజేసింది. చిక్కటి జావలో ముందురోజు మిగిలిన కందిపప్పు మెదిపి కలిపారు. అవ్వ అదే గిన్నెలోంచి తనకు అడ్డాకు డొప్పలో కాస్త ముందే తీసుకుని, పిల్లకు చెంచాతో పెట్టింది. పిల్ల మొదటిది ఉమ్మేసింది. రెండోది గడ్డం మీద కార్చుకుంది. మూడోది నాలుక మీద ఉంచుకుని అవ్వ నోటి వంక చూసింది. అవ్వ తన డొప్పలోది తీసుకుని బోసినోరు కదిపి చూపించింది. పిల్లా కదిపింది.

మేం బయల్దేరేటప్పుడు అవ్వ మిగిలిన విత్తనాలు మళ్ళీ బుర్రలో పోసి, మూతికి గుడ్డ బిగించి కడుతోంది.