పిల్లవాడి కంటె ముందు బడి కదిలేది

అయిదేళ్ల పసివాణ్ణి బడికి సిద్ధం చెయ్యడమంటే ఈ రోజుల్లో అక్షరాలూ, అంకెలూ, రెండు ఇంగ్లీషు పాటలూ ముందుగానే నూరిపొయ్యడమని స్థిరపడిపోయింది. రెండు వందల ఏళ్ల క్రితం మన సీమలో ఈ పని ఎలా జరిగేదో తెలిపే పత్రం ఒకటి ఉంది.

గవర్నరు మన్రో 1822లో మద్రాసు రాజధానిలోని బడుల లెక్కలు తియ్యమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. ఈయన మనకు కొత్తవాడు కాడు. 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఈయనదే. ద్రావిడ భాషలను గురించి ఎల్లిస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆ గ్రంథపు ముందుమాటకు జోడించిన గమనికగానే వెలువడింది. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే; 1882లో గాని వేరుపడలేదు. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు.

బిడ్డకు అయిదో ఏడు రాగానే తల్లిదండ్రులు పంతులుగారినే కాక బడి పిల్లలందరినీ ఇంటికి పిలిచేవారట. అందరూ వినాయకుడి చుట్టూ కూర్చునేవారు. కొత్త పిల్లవాణ్ణి స్వామికి ఎదురుగా కూర్చోబెట్టి, పక్కన కూర్చున్న పంతులు ప్రార్థన చెప్పించి, వాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. (మన ‘ఓనమాలు’ అనే మాటే ‘ఓం నమః’ నుంచి వచ్చింది.) యథాశక్తి సంభావన పుచ్చుకుని వెళ్లేవాడు. మరునాటి నుంచే చదువు.

గమనించండి, మిత్రులారా! ఇక్కడ బిడ్డకు ముందుగా ఏమీ నేర్పలేదు. బడిలో అడుగు పెట్టేసరికి పంతులు ముఖమూ, తోటివాళ్ల ముఖాలూ తెలిసినవే. వేలికి బియ్యం స్పర్శ తెలుసు. బడిలో ఇసుక మీద రాసేదీ ఆ వేలితోనే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఇంతకన్న మంచి సన్నాహం కనబడలేదు.

అలాగని ఆ కాలాన్ని నెత్తికెత్తుకోను. ఉదయం ఆరింటికే బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, ఆపై వచ్చేవారికి ఒక్కొక్కటి ఎక్కువ! 6,641 మంది విద్యార్థులలో ఆడపిల్లలు 60 మందే. జిల్లా జనాభా చూస్తే 9,27,857. చేనేత దెబ్బతిని జనం పేదలవడం వల్ల బడులు క్షీణిస్తున్నాయనీ, ఒక్క బడికీ సర్కారు సాయం లేదనీ కలెక్టరే సిగ్గుపడుతూ రాశాడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం దెబ్బలను నిషేధించింది. బడిలో చేరే పిల్లలకు వడపోత పరీక్షలు పెట్టరాదన్నది. ఆ పరీక్షలకు భయపడి మొదలుపెట్టిన నూరిపోత మాత్రం ఇళ్లలో ఆగలేదు. ‘బడిబాట’లో మన ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు, సామూహిక అక్షరాభ్యాసాలూ చేయిస్తున్నారు. మంచిదే. అయితే ఆ వెళ్లే పంతులమ్మలు నలుగురు రెండో తరగతి పిల్లలను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, కొత్త పాప ఇంట్లో ఓ అరగంట కూర్చోబెడితే బాగుంటుంది. ఊరేగింపులో నినాదాల కోసం కాదు, ఆ పాపతో ఆడుకోవడానికి.