సముద్రమధ్యమున మాతృభాష : కార్లోఫోర్తె పట్టణ వృత్తాంతము

యూరపు ఖండమును చూచి వచ్చినవారు రోము, వెనిసు, పారిసు నగరములను గూర్చి వ్రాయుట పరిపాటి. ఆ మహానగరములను వర్ణించుటకు తగిన పాండిత్యము నాకు లేదు. హోసూరు ప్రాంతమున పుట్టి, తెలుగు బడిలో ఎస్సెస్సెల్సీ వఱకు చదివి, తాలూకా కచేరీలో ముప్పదియేండ్లకు పైగా దస్త్రములు వ్రాసి విశ్రాంతి గొన్న గుమాస్తాను నేను. అయినను 2023వ సంవత్సరము అక్టోబరు నెలలో, మధ్యధరా సముద్రమునందలి ఒక చిన్న దీవిలో, ఒక చిన్న రేవుపట్టణమున మూడు దినములుండు భాగ్యము నాకు కలిగినది. తెలుగునాటికి వెలుపల తరతరములుగా తెలుగిండ్లు నిలుపుకొనియున్న మన సంఘమువారికి ఆ పట్టణపు కథ చెప్పవలయునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా కుమారుడు ఇటలీ దేశమునందలి జెనోవా నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతని యింట కొన్నాళ్ళు గడపుచుండగా, ఆ నగరమువారి ప్రాతభాషయగు జెనోవాభాషను వినవలయునని నాకు కుతూహలము కలిగెను. వీధిలోను, అంగడిలోను ఎచ్చట చెవియొగ్గినను ఇటాలియను భాషయే వినవచ్చుచుండెను. ఆ ప్రాతభాష నాడువారు ముదుసలులలో కొందఱు తప్ప నేడు నగరమున అరుదైరట. “నాన్నగారూ, ఆ భాషను పిల్లలు సైతము మాటలాడగా వినవలయునన్నచో ఇచ్చట లాభము లేదు. సార్డీనియా ప్రక్కనున్న ఒక దీవికి పోవలయునట” అని కుమారుడు నవ్వుచు ననెను. తల్లియూరిలో సన్నగిల్లిన భాష వలసపోయినవారి యింట నిలిచియున్నదను మాట విని నాకు ఆ రాత్రి నిదుర పట్టలేదు. సెలవుదినములు చూచుకొని నేనును, కుమారుడును, ఏడేండ్ల మనుమడును బయలుదేఱితిమి.

సార్డీనియా ముఖ్యపట్టణమగు కాల్యారి నుండి పడమరగా సుమారు 80 కిలోమీటర్లు పోయినచో పోర్తోవేస్మె యను రేవు వచ్చును. అచ్చట ఓడ యెక్కిన నలుబది నిమిషములకు సాన్ పియెత్రో దీవి చేరవచ్చును. దీవి వైశాల్యము 51 చదరపు కిలోమీటర్లు. అందున్న పట్టణము కార్లోఫోర్తె ఒక్కటియే. జనసంఖ్య సుమారు 6,000. పూర్వము రోమనులు దీనిని డేగల దీవి యని పిలిచిరి. నేటికిని పడమటి కొండచఱియలపై ఒక జాతి డేగలు గూళ్ళు కట్టుచున్నవి.

ఓడ రేవును సమీపించునప్పుడు లేతగులాబి, పసుపు, కావి రంగుల యిండ్లు నీటియంచు నుండి గుట్టపైకి వరుసలు తీరి కనిపించును. రేవు ముంగిట ఒక రాజుగారి పాలరాతి విగ్రహమున్నది. దాని చేయి విఱిగియున్నది. దాని వెనుక ఇఱుకు సందులు మెట్లు మెట్లుగా పైకి సాగిపోవును. ఊరి నడుమ ఒక చదునున పెద్ద పెద్ద మఱ్ఱిజాతి వృక్షములున్నవి. వాని నీడను వృద్ధులు కూర్చుండి కబుర్లాడుచుందురు. మా యూరి రచ్చబండ జ్ఞప్తికి వచ్చినది. వేసవి యాత్రికులు వెడలిపోయినందున పట్టణము ప్రశాంతముగా నుండెను. మధ్యాహ్నమున అంగళ్ళు మూసి యెల్లరు ఇండ్లకు చేరగా, పడవల త్రాళ్ళ కిఱ్ఱుమను చప్పుడు తప్ప మఱేమియు వినరాదు.

ఇంత నెమ్మదియైన యూరి పుట్టుక మాత్రము నెమ్మదియైనది కాదు. జెనోవాకు పడమట సముద్రతీరమున పెల్యీ యను పల్లె కలదు. ఇప్పుడది నగరములో కలిసిపోయినది. 1540 దశకమున జెనోవా ప్రభువంశములలో నొకటియగు లొమెల్లీనివారు, ఆఫ్రికా తీరమున ట్యునీసియా ఒడ్డుననున్న తబార్కా యను చిన్న దీవిలో పగడము తీయు హక్కు సంపాదించి, పెల్యీ పల్లెకారులను అచ్చటికి పంపిరి. మనలో అనేకుల పూర్వులు విజయనగర నాయకరాజుల వెంట దక్షిణమునకు కదలిన శతాబ్దియు అదియే యగుట గమనింపదగినది. మధ్యధరా సముద్రపు ఎఱ్ఱపగడము 17, 18 శతాబ్దులలో మద్రాసు రేవున దిగుమతి యగుచు, దానికి బదులుగా మన దేశపు వజ్రములు యూరపునకు పోవుచుండెడివి. మంగళసూత్రమున పగడములు గ్రుచ్చుకొను మన స్త్రీలు ఆ పల్లెకారుల శ్రమ నెఱుగరు. ఆ పల్లెకారులును తాము తీసిన పగడము ఎవరి మెడ చేరునో యెఱుగరు.

తబార్కాలో వారు రెండు వందల యేండ్లు నివసించిరి. క్రమముగా పగడము తఱిగినది, జనము పెరిగినది, ట్యూనిసు పాలకులతో చిక్కులు ముదిరినవి. అప్పుడు సార్డీనియా రాజగు మూడవ కార్లో ఇమాన్యుయెలె, నిర్జనముగానున్న సాన్ పియెత్రో దీవిని వారికి నివాసముగా నిచ్చెను. 1738లో అగొస్తీనో తల్యాఫీకో నాయకత్వమున ఒక జట్టు వచ్చి దిగి, రాజు పేరిట కార్లోఫోర్తె పట్టణమును నిర్మించెను. రేవునందలి విగ్రహము ఆ రాజుగారిదే. తబార్కాలో మిగిలినవారి గతి వేఱయ్యెను. 1741లో ట్యూనిసు బే ఆ దీవిని పట్టుకొని, ఉన్నవారిని బానిసలుగా గొనిపోయెను. పోయినవారును, ఉండిపోయినవారును అన్నదమ్ముల బిడ్డలే. మూడేండ్ల యెడములో ఒకరు పట్టణము కట్టిరి, ఒకరు సంకెళ్ళు ధరించిరి.

క్రొత్త యూరికిని ఆపదలు తప్పలేదు. 1793లో ఫ్రెంచి విప్లవసైన్యము దీవిని ఆక్రమించి, దానికి స్వాతంత్ర్యద్వీపమని పేరు పెట్టెను. కొద్ది నెలలకే స్పెయిను నౌకాదళము వారిని తఱిమివేసెను. ఫ్రెంచివారి కంటబడకుండ ప్రజలు రాజుగారి విగ్రహమును త్వరత్వరగా పాతిపెట్టుచుండగా దాని చేయి విఱిగెనని చెప్పుకొందురు.

అంతకంటె ఘోరము 1798 సెప్టెంబరులో జరిగినది. ఒకనాటి రాత్రి ట్యూనిసు సముద్రదొంగలు ఊరిపై విఱుచుకొనిపడి, స్త్రీలను, బాలురను, వృద్ధులను కలిపి ఇంచుమించు 900 మందిని ఓడలకెక్కించుకొని పోయిరి. ఐదేండ్ల సంప్రదింపుల పిదప 1803లో గాని వారికి విడుదల కలుగలేదు. ఆ చెరకాలమున, 1800 నవంబరు 15వ తేదీన, మొరెత్తో యను బందీకి నాబేలు తీరమున నల్లని కొయ్యవిగ్రహమొకటి దొరకెను. దానిని వారు మేరీమాతగా కొలిచిరి. విడుదలయైన దినమున తమతో తెచ్చుకొనిరి. ‘బానిసమాత’ యను పేర ఆ విగ్రహము నేడును ఒక సందులోని చిన్న కోవెలలో నున్నది. ఏటేట నవంబరు 15న ఉత్సవము జరుగును. నేను చూచిన దినమున అందు ఒక ముదుసలి తప్ప వేఱెవరును లేరు. విగ్రహము మూరెడైన నున్నదో లేదో! దాని యెదుట నిలిచినంతసేపు ఆ 900 మందియే నా కన్నులకు కట్టిరి.

చెరపడిన వారిలో ఫ్రాంచెస్కా రోస్సో యను బాలిక యొకతె తిరిగి రాలేదు. ఆమె ట్యూనిసు రాజకుటుంబమున చేరి అహ్మద్ బేకు తల్లి యయ్యెను. ఆ అహ్మద్ బే 1837 మొదలు 1855 వఱకు ట్యునీసియాను పాలించి, 1846లో తన దేశమున బానిసత్వమును రద్దుచేసెను.

ఇక ఆ యూరి భాషను గూర్చి. వారు దానిని తబార్కీనో యందురు. అది జెనోవాభాషయొక్క శాఖ. దీవిలో దిగిన మొదటి సాయంకాలమే, ఒక మేడ కిటికీ నుండి తల్లి కేకవేయగా, సందులో బంతియాడుచున్న బాలుడు అదే భాషలో బదులు పలుకుటను వింటిమి. మా కుమారునికి ఇటాలియను వచ్చును. అయినను ఒక్క ముక్కయు తెలియలేదు. తమ యూరిని వారు ‘ఊ పైజె’ యందురు. ‘ఊరు’ అనియే దాని యర్థము. వేఱు విశేషణ మక్కఱలేదు. ట్యూనా చేపల వేటలో పడవలవారి పెద్దను ‘రయీస్’ అందురు. అది అరబ్బీ పదము. తిండియు అట్టిదే. శనగపిండితో కాల్చిన ఫరినాత యను అట్టు జెనోవా నుండి వచ్చినది. గోధుమరవ్వను ఆవిరిపై ఉడికించి కూరగాయలతో వడ్డించు కస్కా యను వంటకము ట్యునీసియా నుండి వచ్చినది. నావంటి శాకాహారికి అది రుచించినది. తల్లినాటిది విడువక, పొరుగునాటిది చేర్చుకొని, రెండును తమవిగా చేసికొనిరి.

ఈ శతాబ్ది ప్రారంభమున జరిగిన పరిశీలనయొకటి కార్లోఫోర్తెలో నూటికి సుమారు 87 మంది ఈ భాష నాడుచున్నారని తేల్చినది. పెల్యీ విడిచి 480 యేండ్లు దాటినవి. ఇంతకును వారి భాషకు దేశశాసనపు అండ లేదు. ఇటలీ దేశము 1999లో 482వ సంఖ్యగల శాసనముచే పండ్రెండు అల్పసంఖ్యాక భాషలను గుర్తించినది; అందు తబార్కీనో పేరు లేదు. సార్డీనియా ప్రాంతీయ ప్రభుత్వము మాత్రము 1997లో చేసిన తన శాసనమున దానికి చోటిచ్చినది. ఫియొరెంజో తోసో యను భాషాశాస్త్రజ్ఞుడు దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చి, 2022లో మృతినొందు వఱకు దాని పక్షమున వాదించెను. కచేరీలో పనిచేసిన నాకు శాసనపు విలువ తెలియును. కాని ఇంటిలో పలుకు మాటకు ఏ కచేరీ మొహరును అక్కఱలేదని అచ్చట చూచితిని.

దీనికి మఱియొక ప్రక్క కలదు. తబార్కాలో చెరపడినవారి సంతతిలో సుమారు 300 మందిని స్పెయిను రాజు విడిపించి, 1769 ప్రాంతమున అలికాంతె రేవు చేరువనున్న చిన్న దీవిలో నిలిపెను. దానికి న్వేవా తబార్కా, అనగా క్రొత్త తబార్కా యని పేరు. చుట్టును ప్రాకారము కట్టించిరి. ఇండ్లు కట్టించి యిచ్చిరి. నేడచ్చట ఆ భాష పలుకువారు ఒక్కరును లేరు. ఇంటిపేర్లలో మాత్రము జెనోవా జాడ మిగిలినది. రక్తమొకటే, పల్లె యొకటే, పడిన కష్టమొకటే. అయినను ఒకచోట భాష బ్రదికినది, ఒకచోట అడగినది. కార్లోఫోర్తెవారు సంఖ్యలో హెచ్చు. ఓడపని, వల పని, అంగడి బేరము సమస్తమును తమ భాషలోనే జరుపుకొనిరి. అంతేకాదు. మా బసవారు చెప్పినదేమన, సార్డీనియా నుండి పనికై వచ్చి స్థిరపడినవారును కొన్నాళ్ళకు ఈ భాష నేర్తురట. రానివానిని ఊరు తనవానిగా నెంచదట.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలయును. నా కుమారుని చిన్ననాట నేనతనికి తెలుగక్షరములు నేర్పలేదు. బడిలో తమిళమును ఆంగ్లమును ఉండగా మూడవ లిపి బిడ్డకు భారమనియు, తెలుగు కూడు పెట్టదనియు వాదించితిని. పలుకగలడు గదా, అది చాలుననుకొంటిని. అతడు ఇంటిలో చక్కగా తెలుగు మాటలాడును. కాని ఈ సంచికలో తన తండ్రి వ్రాసిన ఈ వ్యాసమును చదువలేడు. అతని కుమారునికి మాటయు సగమే. నేను తెలుగున పలుకరించినచో అర్థము చేసికొని ఇటాలియనులో బదులు చెప్పును.

మూడవనాడు తిరుగు ప్రయాణమున ఓడపై కూర్చుండగా మనుమడు, “ఆ ఊరి పిల్లలు ఏ బాస మాట్లాడినారు తాతా?” అని సగము తెలుగున, సగము ఇటాలియనున అడిగెను. వాళ్ళ అవ్వ మాటలాడిన భాష యంటిని. కొంచెము సేపు ఆలోచించి, “మన అవ్వ ఏ బాస?” అనెను. ఆమె గతించి నాలుగేండ్లయినది. నేను టిక్కెట్టు వెనుక అతని పేరును తెలుగున వ్రాసి చూపితిని. దాని క్రింద అవ్వ పేరు వ్రాసితిని. ప్రక్కన కూర్చున్న నా కుమారుడు ఆ కాగితమును తీసికొని చాలసేపు చూచెను. “నా పేరు కూడ వ్రాయండి నాన్నగారూ” అనెను.

మనకు సముద్రము అడ్డు లేదు, బానిసత్వము రాలేదు, ఎనిమిది కోట్లకు పైబడిన జనము పలుకు భాష మనది. 6,000 మంది గల దీవి చేయగలిగినది మనము చేయలేమా? సభలును సంచికలును అవసరమే. కాని వానికి ముందుగా, ప్రతి యింట రాత్రి భోజనానంతరము పావుగంట సేపు పెద్దలు పిల్లలకు అక్షరములు దిద్దించవలయునని సంఘ సభ్యులను ప్రార్థించుచున్నాను. ఈ పనిని నేను అఱువది దాటిన పిదప మొదలిడితిని. ప్రతి ఆదివారము ఫోనులో తండ్రికొడుకులిద్దఱును నాకు పాఠము అప్పగించుచున్నారు. కుమారుడు గుణింతముల వఱకు వచ్చినాడు. మనుమడు ఒత్తులు చేరినాడు.